పేద దేశాలకు వందకు ఒకటిన్నర పైసా చాలదు

ఎడిటర్ గారికి,

ఏటా ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ మీద ఎంత చర్చ జరిగినా విదేశాంగ శాఖ పద్దు జోలికి ఎవరూ పోరు. ఆ పద్దులో ఇతర దేశాలకు ఇచ్చే సాయం పట్టిక ఒకటి ఉంటుంది. 2025–26లో దానికి పెట్టింది 5,483 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది సవరించిన అంచనా 5,806 కోట్లు. అంటే పెరగకపోగా తగ్గింది. ఆ ఏడాది దేశ స్థూల ఉత్పత్తి సుమారు 357 లక్షల కోట్లు ఉంటుందని బడ్జెట్ పత్రాలే అంచనా వేశాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, దేశం సంపాదించే ప్రతి వంద రూపాయల్లో పరాయి దేశాల పేదలకూ ప్రభుత్వాలకూ కలిపి మనం ఇస్తున్నది ఒకటిన్నర పైసా. దీన్ని ఐదేళ్లలో ఐదు పైసలు చేయాలనీ, పెంచిన డబ్బులో పెద్ద వాటా నిరుపేదల తిండికీ, తాగునీటికీ, వైద్యానికీ, ఉపాధికీ పోవాలనీ మేం కేంద్రాన్ని కోరుతున్నాం. ఈ డబ్బు ఎక్కడ పనిచేస్తోందో, ఎక్కడ మురిగిపోతోందో కూడా ఈ లేఖలో వివరంగా రాస్తున్నాం. కారణం, దారులు బాగుచేయకుండా మొత్తం పెంచితే వృథా కూడా అంతే పెరుగుతుంది.

ముందు ఆ పట్టికను చూడండి. భూటాన్‌కు 2,150 కోట్లు, నేపాల్‌కు 700, మాల్దీవులకు 600, మారిషస్‌కు 500, మయన్మార్‌కు 350, శ్రీలంకకు 300, బంగ్లాదేశ్‌కు 120, అఫ్గానిస్థాన్‌కు 100 కోట్లు. భూటాన్ మొత్తంలో జలవిద్యుత్ ప్రాజెక్టులకిచ్చే అప్పు కూడా కలిసే ఉంటుంది. ఇక ఆఫ్రికా ఖండం మొత్తానికీ 225 కోట్లు. ఆ ఖండంలో 54 దేశాలున్నాయి. సగటున ఒక దేశానికి 4 కోట్ల పైచిలుకు. మన దగ్గర నాలుగు కోట్లతో ఒక మండల కేంద్రంలో ఏం కట్టగలమో అందరికీ తెలుసు. ప్రపంచంలో రోజుకు 3 డాలర్ల లోపు బతుకీడుస్తున్న 80 కోట్ల మందిలో అత్యధికులు ఉన్నది సహారా ఎడారికి దిగువన ఉన్న దేశాల్లోనే. పేదరికం ఎక్కువగా ఉన్న చోటికి మన పట్టికలో వెళ్తున్నది వందకు నాలుగు రూపాయలు. ఎగుమతి, దిగుమతులకు అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇచ్చే రుణాలు, ఐక్యరాజ్యసమితి సంస్థలకు కట్టే చందాలు వేరే ఉన్న మాట నిజమే. కానీ అప్పు అప్పే. ఆకలితో ఉన్నవాడికి అప్పుతో అన్నం పెట్టడాన్ని సాయం అనలేం.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నామంటే, ఇంతకాలం ఈ భారం మోసిన దేశాలు ఒక్కసారిగా చేతులు దులుపుకుంటున్నాయి. అమెరికా తన సాయం సంస్థ యూఎస్ ఎయిడ్‌ను 2025 జులై 1 నాటికి మూసేసింది. బ్రిటన్ తన జాతీయ ఆదాయంలో 0.7 శాతం ఇస్తామని 2015లో చట్టం చేసుకుంది. 2021లో దాన్ని 0.5కు దించింది, 2027 నాటికి 0.3 చేస్తామని ప్రకటించింది. సంపన్న దేశాలన్నీ కలిసి ఇచ్చిన అధికారిక సాయం 2024లో 7 శాతం తగ్గి 21,200 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. ఈ కోతలు ఎవరి మీద పడుతున్నాయో ఊహించక్కర్లేదు. హెచ్ఐవీ మందుల కోసం వరుసలో నిలబడే వాళ్ల మీద, పిల్లలకు పోషకాహారం పెట్టే కేంద్రాల మీద, దోమతెరల పంపిణీ మీద. వాళ్లు వదిలేసిన ఖాళీ అంతా మనం నింపలేం. కానీ మన వంతు ఒకటి ఉంది.

దీనికి రాబోయే జవాబు మాకు తెలుసు. ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత’ అంటారు. మన పేదలను వదిలేసి ఎక్కడో వాళ్లకు పెట్టడమేమిటని అడుగుతారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోం. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం 2022–23లోనూ మన దేశంలో దాదాపు ఏడున్నర కోట్ల మంది అదే 3 డాలర్ల గీత కింద ఉన్నారు. అయితే 2011–12లో ఆ సంఖ్య 34 కోట్లకు పైమాటే. మన పేదలకు రేషన్ బియ్యం, గోధుమల సబ్సిడీ కిందే 2025–26లో రెండు లక్షల కోట్లకు పైగా పెట్టారు, ఉపాధి హామీకి 86 వేల కోట్లు. వాటిలో ఒక్క రూపాయి కోయమని మేం అడగడం లేదు. ఐదు పైసలంటే ఈనాటి లెక్కలో సుమారు 17,800 కోట్లు. ఇప్పుడిస్తున్నది తీసేస్తే అదనంగా కావలసింది పన్నెండు వేల కోట్ల పైచిలుకు. జనాభాకు పంచితే తలకు ఏడాదికి 85 రూపాయలు. ఏటా 50 లక్షల కోట్లు దాటే బడ్జెట్‌లో ఈ మొత్తాన్ని ఐదు అంచెల్లో సర్దలేకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, అడిగేవాళ్లు లేకపోవడం.

ఇంకో సంగతి తెలుగువాళ్లు మరవకూడదు. పరాయి దేశాల డబ్బు సరిగ్గా వాడితే ఏమవుతుందో చూపించిన నేల మనది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం డబ్బుతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం నడిచింది. పది పదిహేను మంది ఆడవాళ్లు ఒక సంఘం, ఊళ్లోని సంఘాలన్నీ కలిపి గ్రామ సమాఖ్య, వాటి మీద మండల సమాఖ్య అనే అమరిక అక్కడే గట్టిపడింది. 2000లో ప్రపంచ బ్యాంకు రాయితీ రుణాల విభాగం ఐడీఏ ఇచ్చిన 11.1 కోట్ల డాలర్లతో ‘వెలుగు’ ఆరు జిల్లాల్లో మొదలైంది. ఐడీఏ డబ్బంటే సంపన్న దేశాల ప్రజలు కట్టిన పన్నులే. వెలుగు తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది, 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు నమూనా అయింది. మన జిల్లాల సంఘాల మహిళలే బిహార్‌కూ ఇతర రాష్ట్రాలకూ వెళ్లి ఊళ్లలో మకాం వేసి అక్కడి వాళ్లకు పొదుపు పుస్తకం రాయడం నుంచి నేర్పారు. 2014లో భారత్ ఐడీఏ రుణాలకు అర్హమైన పేద దేశాల జాబితా నుంచి బయటికి వచ్చింది. అదే నిధికి ఇప్పుడు మనమూ డబ్బు ఇచ్చేవాళ్లలో ఉన్నాం. ఒకప్పుడు పుచ్చుకున్న చెయ్యి ఇప్పుడు పెట్టే స్థితికి వచ్చింది కనుక ఎంత పెడుతున్నామని అడగడం న్యాయమే.

మనం ఇచ్చిన దాంట్లో బాగా పనిచేసిన వాటికి ఒక పోలిక కనిపిస్తుంది. శ్రీలంకలో 1990 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే ‘సువసెరియ’ అంబులెన్సు సేవను తీసుకోండి. దీని మూలం 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108. భారత ప్రభుత్వం 75 లక్షల డాలర్ల పైచిలుకు గ్రాంటుతో 2016 జులైలో పశ్చిమ, దక్షిణ రాష్ట్రాల్లో 88 అంబులెన్సులతో దాన్ని ప్రారంభించింది. ఆ తర్వాత మరో కోటిన్నర డాలర్లతో ఇంకో 209 బండ్లు చేర్చి దేశమంతా విస్తరించింది. మొదటి విడత సిబ్బందికి శిక్షణ హైదరాబాద్‌లో జరిగింది. పనిలో ఉన్నది మాత్రం శ్రీలంక వాళ్లే. 2018లో ఆ దేశ పార్లమెంటు చట్టం చేసి సేవను సొంత ఫౌండేషన్‌కు అప్పగించుకుంది. 2022లో ఆ దేశం అప్పుల ఊబిలో కూరుకుపోయి పెట్రోలు కూడా దొరకని రోజులు వచ్చినా ఆ సేవ నిలిచింది.

ఇది ఎందుకు నిలిచిందో విడదీసి చూడాలి. బండ్లు కొనిచ్చి ఊరుకోలేదు. ఫోన్ ఎత్తే కేంద్రం, దగ్గర్లోని బండిని గుర్తించే సాఫ్ట్‌వేర్, బండిలో ఉండే టెక్నీషియన్ల శిక్షణ, మొదట్లో నడిపే ఖర్చు అన్నీ ఒకే గ్రాంటులో కలిపారు. రెండు రాష్ట్రాల్లో నడిపి చూశాకే మిగతా వాటికి వెళ్లారు. ఎప్పటికి అక్కడి ప్రభుత్వం చేతికి వెళ్లాలో, జీతాలు ఎవరి పద్దులోంచి రావాలో తేల్చుకున్నారు. అంబులెన్సు సేవలో ఖర్చంతా బండి కొనడంలో ఉండదు. డీజిలు, టైర్లు, ఆక్సిజన్, మూడు షిఫ్టుల సిబ్బంది జీతాలు ఏటా వచ్చిపడతాయి. వాటిని ఎవరు భరిస్తారో ముందే రాసుకోని చోట ఇచ్చిన అంబులెన్సులు రెండేళ్లలో ఆసుపత్రి ఆవరణలో టైర్లు దిగి నిలబడతాయి.

నేపాల్ ఇళ్లది ఇంకో తీరు. 2015 భూకంపం తర్వాత గోర్ఖా, నువాకోట్ జిల్లాల్లో 50 వేల ఇళ్లకు భారత్ డబ్బిచ్చింది. గుత్తేదారుకు అప్పజెప్పి ఒకే నమూనా పెట్టెలు కట్టించలేదు. ఇంటివాళ్లే కట్టుకున్నారు. ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతల్లో. ఒప్పందం మీద సంతకం పెట్టగానే 50 వేలు, పునాది మట్టం లేచాక లక్షన్నర, గోడలు పైకప్పు మట్టానికి వచ్చాక లక్ష. ప్రతి విడతకు ముందు ఇంజినీరు వచ్చి చూడాలి. మట్టితో పేర్చిన రాతిగోడ భూకంపంలో ఎందుకు కూలిందంటే, మూలల్లో రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, గోడను చుట్టూ బిగించే పట్టీ ఉండదు. అందుకే కిటికీ కింద, గుమ్మం పైన, కప్పు దగ్గర పట్టీలు వేశారా లేదా అన్నదే తనిఖీలో అసలు విషయం. గోర్ఖాలో యూఎన్‌డీపీ, నువాకోట్‌లో యూఎన్ఓపీఎస్ అనే ఐక్యరాజ్యసమితి సంస్థల ఇంజినీర్లు, తాపీ మేస్త్రీలు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. 2021 కల్లా పని ముగిసింది.

ఇందులోనూ లోపాలున్నాయి, దాచక్కర్లేదు. భూమి కాగితం లేనివాళ్లు జాబితాలోకి రావడానికి నానా తంటాలు పడ్డారు. సొంతంగా కలుపుకోవడానికి చేతిలో డబ్బులేని చాలామంది విడత డబ్బు కోసం ఒకే గది వేసి ఆగిపోయారు. ఆ గదిలో ధాన్యం పెట్టుకోవాలా, మనుషులు పడుకోవాలా? ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు కూలీలు దొరక్క వెనకబడ్డారు. రేపు ఇంకెక్కడైనా ఇదే పద్ధతి పెడితే ఇలాంటి వాళ్లకు ఇంకో మేస్త్రీ కూలీ, సామాను మోసే ఖర్చు మొదటి విడతలోనే కలపాలి. డబ్బు పెంచమని మేం అడిగేది సరిగ్గా ఇలాంటి చోట్ల కోసమే.

పని చెడేది ఎక్కువగా రుణాల దారిలో. ఆ దారి ఇలా ఉంటుంది. అవతలి ప్రభుత్వం ప్రతిపాదన పంపుతుంది. ప్రాజెక్టు నివేదిక తయారవుతుంది. విదేశాంగ శాఖ చూస్తుంది, ఆర్థిక శాఖ ఒప్పుకుంటుంది. ఎగ్జిమ్ బ్యాంకు మార్కెట్లో అప్పు తెచ్చి అవతలి ప్రభుత్వానికి తక్కువ వడ్డీకి ఇస్తుంది. ఆ తేడాను మన ఖజానా భరిస్తుంది. మామూలుగా సరుకులు, సేవల్లో 75 శాతం భారత్ నుంచే కొనాలి. టెండర్లో పోటీపడేదీ మన కంపెనీలే. కాగితం మీద ఇందులో తప్పు లేదు. పనిలోకి దిగాక సంగతి వేరు. పోటీపడే కంపెనీలు రెండో మూడో అయితే ధర పెరుగుతుంది. నివేదిక రాసిన నాటికీ టెండరు పిలిచే నాటికీ మూడేళ్లు గడిస్తే అంచనాలు చెల్లవు. అవతలి దేశం భూమి సేకరించదు, తన వాటా డబ్బు కట్టదు. బంగ్లాదేశ్‌కు మూడు విడతల్లో 700 కోట్ల డాలర్లకు పైగా రుణం ప్రకటించాం. అందులో సగం కూడా ఖర్చు కాలేదు. ఇథియోపియాలో చక్కెర కర్మాగారాలకు ఇచ్చిన 64 కోట్ల డాలర్ల రుణం పనులు ఏళ్ల తరబడి సాగాయి. చెరకుకు కర్మాగారం సిద్ధంగా లేకపోతే ఏమవుతుందో చెరకు రైతులున్న ఏ జిల్లాలో అడిగినా చెబుతారు. అలాంటి రుణంతోనే సెనెగల్‌లో వరి రైతులకు వేల పంపుసెట్లు వెళ్లాయి, అవి పొలాల్లో పనిచేశాయి. తేడా ఎక్కడుంది? పంపుసెట్టు చిన్నది, విడివిడిగా పనిచేస్తుంది, చెడితే అక్కడి మెకానిక్కే విప్పగలడు. కర్మాగారానికి కాలువలు, చెరకు, కరెంటు, రోడ్డు అన్నీ ఒకే రోజుకు అందాలి. నిరుపేద దేశాలకు మొదటి రకం పనులు గ్రాంటుగా, రెండో రకం పనులు మాత్రమే రుణంగా ఇవ్వాలన్నది మా అభిప్రాయం.

తాగునీటి సంగతిలో తెలుగు పేరే ఆఫ్రికాలో వినిపిస్తుంది. నల్లగొండ ఫ్లోరైడ్ నీటిని శుభ్రం చేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతిని టాంజానియా, ఇథియోపియా, కెన్యాల్లో ఇప్పటికీ ‘నల్లగొండ టెక్నిక్’ అనే పిలుస్తారు. అక్కడి రిఫ్ట్ లోయలో అగ్నిపర్వతాల రాళ్ల వల్ల నీళ్లలో ఫ్లోరైడ్ మెండు. పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల ఎముకలు వంగిపోతాయి. మన నల్లగొండ, ప్రకాశం పల్లెల్లో చూసిన బాధే. టాంజానియాలో ఇంటి వాడకానికి చేసిన తీరు చాలా సులువు. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు రెండు, అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో కుళాయి. ఒక బకెట్ నీళ్లలో 12.8 గ్రాముల పటిక, 6.4 గ్రాముల సున్నం వేసి ఒక నిమిషం వేగంగా, ఐదు నిమిషాలు నెమ్మదిగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైనీటిని కుళాయి ద్వారా రెండో బకెట్లోకి వంచుకోవాలి.

ఇంత సులువైనదీ చాలా ఊళ్లలో ఆగిపోయింది. పటిక రోజూ కావాలి, అది సంతలో దొరకదు. ఫ్లోరైడ్ మరీ ఎక్కువైన నీటికి మోతాదు పెంచాలి. పెంచితే రుచి మారుతుంది, అయినా లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు లోపలికి రాదు. మడ్డిలో ఫ్లోరైడ్, అల్యూమినియం రెండూ ఉంటాయి. బావి పక్కన పారబోస్తే తిరిగి నీళ్లలోకే చేరుతుంది. కలిపే పని రోజూ ఒకరు చేయాలి, ఆ ఒకరు ఎప్పుడూ ఆడమనిషే. ఊరంతటికీ పెట్టిన పెద్ద యంత్రాలకూ ఇదే గతి పట్టింది. యంత్రం ఇచ్చారు, పటికకు ఏటా డబ్బు ఇవ్వలేదు, నడిపేవాడికి జీతం ఇవ్వలేదు, నీటిని పరీక్షించే వాళ్లు లేరు. నల్లగొండలో కూడా చివరికి బాధ తగ్గించింది దూరం నుంచి గొట్టాల్లో తెచ్చిన కృష్ణా నీళ్లు. ఆ అనుభవం ఉన్న ఇంజినీర్లు మన రెండు రాష్ట్రాల గ్రామీణ నీటి సరఫరా శాఖల్లో ఉన్నారు. ఫ్లోరైడ్ లేని ఊట ఎంత దూరంలో ఉంది, గొట్టం వేస్తే ఎంత, శుద్ధి చేస్తే పదేళ్లకు ఎంత అని పక్కపక్కన లెక్కగట్టి చెప్పగలిగింది వాళ్లే. అలాంటి బృందాలను మూడేళ్లు అక్కడ ఉంచి పనిచేయించడానికి గ్రాంటు కావాలి. రెండు వారాల పర్యటనకు పంపితే ఫొటోలు మిగులుతాయి.

మందులు, టీకాల్లో మన దగ్గర తయారయ్యే దానికి కొదవ లేదు. ఆరు నెలలు నిండిన పసిబిడ్డకూ పనిచేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా హైదరాబాద్‌లో తయారై ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి పొందింది. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో మందులకు లొంగని టైఫాయిడ్ వ్యాపించినప్పుడు 2019లో పిల్లలకు వేసింది ఆ రకం టీకానే. పేద దేశాలకు టీకాలు సమకూర్చే అంతర్జాతీయ కూటమి గవికి దొరికే ధర మోతాదుకు ఒకటిన్నర డాలరు లోపే. అయితే సీసా పంపడంతో పని అయిపోదు. 2021లో మలావీకి ఆఫ్రికన్ యూనియన్ ద్వారా వెళ్లిన భారత తయారీ కోవిడ్ టీకాలు మార్చి 26న దిగితే వాటి గడువు ఏప్రిల్ 13తో తీరింది. చేతిలో ఉన్నది పద్దెనిమిది రోజులు. అంతలో ఊళ్లకు చేర్చి వేయలేక మిగిలిన 19,610 మోతాదులను ఆ దేశం కాల్చేసింది. కాల్చకపోతే గడువు తీరినవే వేస్తారని జనం భయపడతారన్నది అక్కడి ప్రభుత్వ వాదన. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఊరి దాకా చేర్చే ఫ్రిజ్‌లు, ఐసు పెట్టెలు, మోటారు సైకిలుకు పెట్రోలు, వేసే నర్సు బత్తా కలిపి ఇవ్వాలి. టీకా ధర మీద అదనంగా ఈ ఖర్చు పెట్టని సాయం గోదాముల్లో ఆగుతుంది.

ధాన్యం గురించి ఒక మాట. మన ఎఫ్‌సీఐ గోదాముల్లో బియ్యం పేరుకుపోయిన ఏళ్లలో ‘ఆకలి దేశాలకు పంపొచ్చుగా’ అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. పంపొచ్చు, పంపాలి కూడా. అఫ్గానిస్థాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ప్రకటించి, పాకిస్తాన్‌తో దారి సంగతి తేలాక 2022 ఫిబ్రవరి 22న 50 లారీల్లో 2,500 టన్నులతో మొదటి విడత అట్టారీ సరిహద్దు దాటించాం. అలాంటి విడతలు ఇరవై కావాలి, నెలల తరబడి సాగింది. అక్కడ పంచింది ప్రపంచ ఆహార కార్యక్రమం. కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికా రేవులకు బియ్యం ఎగుమతి ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నదే కనుక అటు పంపడానికి ఓడలు, దారి కొత్త కాదు. కానీ రెండు జాగ్రత్తలు. సహారా ఎడారి దక్షిణ అంచున ఉన్న సాహెల్ దేశాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని రోజులు. సరుకు అప్పటికి ఊళ్లలో ఉండాలంటే మనం ఫిబ్రవరిలోనే ఓడెక్కించాలి. ఆలస్యమై అక్టోబరులో దిగిందంటే అప్పుడే జొన్న, సజ్జ కోసిన అక్కడి రైతు ధర పడిపోతుంది. సాయం చేసి వాళ్ల రైతు నోట మట్టి కొట్టిన వాళ్లమవుతాం. రెండోది, పక్క జిల్లాలోనే గింజలు మిగులున్న చోట ఓడ బాడుగ పెట్టే బదులు డబ్బు పంపి అక్కడే కొనడం చౌక. మన నిబంధనలు డబ్బు పంపడానికి అంత సులువుగా ఒప్పుకోవు. అవి మారాలి.

శిక్షణ సంగతికొస్తే, 1964 నుంచి నడుస్తున్న ఐటెక్ పథకం కింద 160కి పైగా దేశాల ఉద్యోగులు ఇక్కడికి వచ్చి చదువుకుంటారు. విమానం ఖర్చు, ఫీజు, బస, బత్తా అన్నీ మనవే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్ఐఆర్‌డీ, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థ ఎన్ఐ–ఎంఎస్ఎంఈ అలాంటి శిక్షణలిచ్చేవే. మంచి పథకం. లోపమల్లా ఆ తర్వాత ఏమీ లేకపోవడమే. ఆ దేశ రాజధానిలో కూర్చునే అధికారులే ఎక్కువ వస్తారు, జిల్లా స్థాయి వాళ్లు తక్కువ. నేర్చుకుని వెళ్లిన మనిషి తన ఊళ్లో పది మహిళా సంఘాలు పెట్టి చూడాలనుకున్నా చేతిలో పైసా ఉండదు. ఐటెక్ ముగించుకుని వెళ్లేవాళ్లలో ప్రణాళిక రాసిన వాళ్లకు మొదటి ఏడాది నడపడానికి చిన్న గ్రాంటు ఇచ్చి, ఆరో నెలలో మన సమాఖ్యల నుంచి ఇద్దరు అనుభవమున్న మహిళలను నెలరోజులు పంపితే ఈ చదువు ఊళ్లలో మొలకెత్తుతుంది. బిహార్‌లో అలాగే జరిగింది. భాష రాకపోవడం అడ్డమే, అనువాదకుడి జీతం కూడా లెక్కలో రాసుకోవాలి.

ఇవన్నీ చూసుకోవడానికి ఒక సంస్థ ఉండాలని 2007 బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. అది పుట్టలేదు. 2012లో విదేశాంగ శాఖలో అభివృద్ధి భాగస్వామ్య విభాగం ఏర్పడింది. అక్కడి అధికారులు రెండు మూడేళ్లకు బదిలీ అవుతారు. ఇథియోపియా కర్మాగారం అనుభవం తెలిసిన వ్యక్తి ఆ కుర్చీలో ఉండగానే ఇంకో దేశపు కర్మాగారం ఫైలు వస్తుందన్న హామీ లేదు. సాయం మొత్తం పెంచేటప్పుడు ఇంజినీర్లు, వైద్యులు, లెక్కల వాళ్లతో స్థిరమైన సిబ్బందిని అక్కడ పెట్టాలి. దేశంవారీగా ఎంత ఇచ్చాం, ఎంత ఖర్చయింది, ఎంత మందికి చేరింది అనే పట్టికను ఏటా పార్లమెంటు ముందుంచాలి.

మేం అడిగేది కొంచెం వివరంగా. మొదటి ఏడాదే ఆఫ్రికా పద్దును 225 కోట్ల నుంచి వెయ్యి కోట్లు చేయండి. అదనంగా వచ్చే ప్రతి రూపాయిలో కనీసం సగం నిరుపేద దేశాలకు గ్రాంటుగానే వెళ్లేలా నియమం పెట్టండి. ఐక్యరాజ్యసమితితో కలిసి 2017లో మొదలుపెట్టిన నిధికి పదేళ్లకు 15 కోట్ల డాలర్లు అన్నారు. ఆ గడువు ముగియబోతోంది కనుక కొత్త పదేళ్లకు అంతకు రెండింతలు ప్రకటించండి. నేపాల్‌లో స్థానిక సంస్థల ద్వారా చేసే చిన్న పనులకు గరిష్ఠ హద్దును 2024లో 5 కోట్ల నేపాలీ రూపాయల నుంచి 20 కోట్లకు పెంచారు. ఆ పద్ధతిని, అంటే బడి, ఆరోగ్య కేంద్రం, తాగునీటి పథకం ఊరి సంస్థే కట్టించుకోవడాన్ని, ఆఫ్రికా దేశాలకూ విస్తరించండి. ప్రతి పనికీ కట్టడం ఖర్చుతో పాటు ఐదేళ్ల నిర్వహణ ఖర్చు ఒప్పందంలోనే రాయండి.

పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. ఆర్థిక శాఖ బడ్జెట్ సర్క్యులర్ మామూలుగా సెప్టెంబరు ప్రాంతంలో వస్తుంది, శాఖలతో చర్చలు అక్టోబరు, నవంబరుల్లో సాగుతాయి. జనవరిలో రాసే ఉత్తరం ఆ ఏడాదికి పనికిరాదు. సెప్టెంబరు లోపే రాయాలి. రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది, రాజ్యసభకు 18 మంది ఉన్నారు. మీ ఎంపీని ‘పేదలకు సాయం పెంచండి’ అని ఊరికే అడిగితే మర్యాదగా జవాబు వస్తుంది, అంతటితో సరి. ఈ ఏడాది ఆఫ్రికా పద్దులో ఎంత ఖర్చయింది, మిగిలింది ఎందుకు మిగిలింది, ఏయే దేశాల్లో పూర్తయిన పనులు ఇప్పుడు పనిచేస్తున్నాయి అని రాతపూర్వక ప్రశ్న వేయమనండి. ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు కావాలి. బడ్జెట్ తర్వాత విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘం ఆ శాఖ పద్దును పరిశీలిస్తుంది. ఆ సంఘంలో తెలుగు సభ్యుడు ఉంటే ఉత్తరం ఆయనకూ ఒక ప్రతి పంపండి. ఉత్తరంలో 5,483 కోట్లు, ఒకటిన్నర పైసా, ఐదు పైసలు అనే మూడు అంకెలు ఉంటే చాలు, మిగతాది మీ మాటల్లో రాయండి.

ఇట్లు,
గ్రామీణాభివృద్ధి, తాగునీరు, ప్రజారోగ్య రంగాల్లో పనిచేసిన కొందరు పౌరులు,
హైదరాబాద్, విజయవాడ